37,543 మూలాల ఆర్‌ఎం కేటలాగు: దేనికి వాడాలి, దేనికి వాడకూడదు

విశ్వంలోని అయస్కాంత క్షేత్రాల గురించి చదివి ఊరుకోకుండా స్వయంగా లెక్క కట్టి చూడాలనుకునే విద్యార్థికి, టేలర్, స్టిల్, సన్‌స్ట్రమ్ 2009లో వెలువరించిన కేటలాగు కంటే తేలిగ్గా చేతికందే సామగ్రి నాకు తెలిసి మరొకటి లేదు. న్యూ మెక్సికోలోని వెరీ లార్జ్ ఆరే అనే రేడియో టెలిస్కోపుతో 1.4 గిగాహెర్ట్జ్ దగ్గర జరిగిన ఎన్‌వీఎస్ఎస్ సర్వేను తిరిగి విశ్లేషించి, వారు 37,543 రేడియో మూలాలకు రొటేషన్ మెజర్, అంటే ఆర్‌ఎం, కట్టారు. స్ట్రాస్‌బర్గ్ నుంచి నడిచే ఖగోళ పట్టికల సేవ విజియెర్‌లో ఇది ఉచితంగా దొరుకుతుంది. ఖాతా అక్కరలేదు, మామూలు ల్యాప్‌టాప్ చాలు.

క్వేజార్ అంటే సుదూర గెలాక్సీ నడిమిలోని ప్రకాశవంతమైన కేంద్రం. అక్కడి నుంచి బయలుదేరిన ధ్రువిత (ఒకే తలంలో కంపించే) రేడియో తరంగం, అయస్కాంత క్షేత్రమూ స్వేచ్ఛా ఎలక్ట్రాన్లూ కలిసి ఉన్న ప్రాంతాన్ని దాటేటప్పుడు, దాని ధ్రువణ తలం తరంగదైర్ఘ్య వర్గానికి అనులోమంగా తిరుగుతుంది. ఆ అనుపాత స్థిరాంకమే ఆర్‌ఎం. క్షేత్రం మన వైపుకు ఉంటే అది ధనం, మన నుంచి దూరంగా ఉంటే ఋణం. పట్టికలోని స్థానాలను గెలాక్సీ నిరూపకాల్లోకి మార్చి, ధనానికి ఒక రంగు, ఋణానికి ఒక రంగు ఇచ్చి చుక్కలు పెడితే, 90 డిగ్రీల రేఖాంశం చుట్టూ, ముఖ్యంగా పాలపుంత తలానికి దక్షిణాన, ఋణ విలువలు గుంపు కట్టి కనిపిస్తాయి. ఒక్క సాయంత్రం పనికి ఇంత ఫలితం! నేనిచ్చే మార్కుల్లో సగం దీనికే.

మిగతా సగంలో కోత తప్పదు. కొలతలన్నీ 1364.9, 1435.1 మెగాహెర్ట్జ్ కేంద్రాలుగా ఉన్న రెండే పౌనఃపున్య పట్టీల్లో జరిగాయి. అంటే ధ్రువణ కోణాన్ని తరంగదైర్ఘ్య వర్గానికి ఎదురుగా గీస్తే దొరికేవి రెండే బిందువులు; వాటిని కలిపే రేఖ వాలే ఆర్‌ఎం. రెండు బిందువుల గుండా సరళరేఖ ఎప్పుడైనా పోతుంది కాబట్టి, ఆ రేఖ తప్పయినా పట్టిక మనకు చెప్పలేదు. ఆ రెండు పట్టీల మధ్య తలం అర చుట్టు అదనంగా తిరిగిందేమో తేలక, ఆర్‌ఎం చదరపు మీటరుకు సుమారు 653 రేడియన్ల మేర తప్పవచ్చు. ఒకే మూలంలో రెండు మూడు భ్రమణాలు కలిసి ఉన్నా దొరికేది ఒక్క సంఖ్యే. అందువల్ల ఒక్కొక్క విలువను పట్టుకుని వాదించకుండా, ఇరుగుపొరుగు మూలాల మధ్యగతం తీసుకుని వాడుకోవడం క్షేమం. అయితే చదరపు డిగ్రీకి సగటున ఒక్క మూలమే ఉంది కనుక చిన్న నీహారికల విషయంలో ఆ ఉపాయమూ పారదు. దక్షిణాన -40 డిగ్రీల దిక్పాతం (ఆకాశంలో అక్షాంశం లాంటిది) దాటితే అసలు ఏమీ లేదు.

ఈ లోపాలకు జవాబుగా, పశ్చిమ ఆస్ట్రేలియాలోని 36 డిష్‌ల రేడియో టెలిస్కోపు ఆస్కాప్‌తో పాసమ్ సర్వే సాగుతోంది. అది 800 నుంచి 1088 మెగాహెర్ట్జ్ వరకు ఒక్కో మెగాహెర్ట్జ్ ఛానెల్‌గా కొలుస్తుంది గనుక రేఖ వంకరపోతే వెంటనే బయటపడుతుంది. చదరపు డిగ్రీకి కొన్ని పదుల ఆర్‌ఎంలు ఇవ్వడం దాని లక్ష్యం. కానీ దాని డేటా క్యూబులు (ఒక్కో ఛానెల్‌కు ఒక్కో చిత్రం పేర్చిన భారీ ఫైళ్లు) హాస్టల్ వైఫైకి లొంగేవి కావు. ఒక్క మూలం మీదే థీసిస్ రాసేవారు ఆ శ్రమకు సిద్ధపడాలి. పాలపుంత పటం గీసుకునేవారికి 2009 నాటి పట్టికే సరిపోతుంది.