వర్డ్‌లో వైకుంఠపాళి: గళ్ళకు ఫుల్ మార్కులు, పాములకు పాస్ మార్కులు

క్వశ్చన్ పేపర్లు టైప్ చేసుకునే మైక్రోసాఫ్ట్ వర్డ్‌లో పిల్లలకి బోర్డ్ గేమ్ తయారు చేయొచ్చా అంటే, చేయొచ్చు. ఐదుకి మూడున్నర ఇస్తాను. ఆ ఒకటిన్నర మాత్రం ఊరికే కోయలేదు.

నేను బెంగళూరులో మారతహళ్ళి వైపు ఒక స్కూల్లో కామర్స్ చెప్తాను. పొద్దున లేస్తే వర్డ్‌తోనే పని. సెలవులకి మదనపల్లె నుంచి మా చెల్లెలి పిల్లలు దిగారు. బజార్లో కొన్న పాములు-నిచ్చెనల అట్ట వాళ్ళకి ఆనలేదు. "పెద్దమ్మా, మీ బెంగళూరు రోడ్లతో ఒకటి చెయ్యవా" అన్నాడు చిన్నవాడు. అలా మా పటంలో వైకుంఠం ఉండాల్సిన చోట బొమ్మసంద్ర వచ్చింది. పెద్ద పాము, ట్రాఫిక్ జామ్‌లకి పేరుపడ్డ సిల్క్ బోర్డ్ జంక్షన్. పెద్ద నిచ్చెన మెట్రో ఎల్లో లైన్: 2025 ఆగస్టులో మొదలైంది, ఆర్.వి. రోడ్ నుంచి బొమ్మసంద్ర దాకా 19 కిలోమీటర్ల పైచిలుకు, 16 స్టేషన్లు. మా ఆయన ఆఫీసు ఎలక్ట్రానిక్ సిటీలో. "ఆ నిచ్చెన ఎక్కాలంటే ముందు మీ పాము నోట్లోంచే పోవాలి కదే" అని ఆయన కంప్లయింట్. నిజమే, ఆ లైన్‌లో మా వైపు వాళ్ళకి దగ్గర స్టేషన్ సిల్క్ బోర్డే.

ఇక గళ్ళ సంగతి. ఇన్సర్ట్‌లో టేబుల్ నొక్కగానే మౌస్‌తో లాగే చిన్న చదరాలు వస్తాయి చూడండి, అక్కడ అడ్డంగా పది, నిలువుగా ఎనిమిదే ఇస్తాడు. పదికి పది కావాలంటే కిందున్న ఇన్సర్ట్ టేబుల్‌లో అంకెలు కొట్టాలి. నేను ఏ3 పేజీ తీసుకుని గడి 2.5 సెంటీమీటర్లు పెట్టాను. టేబుల్ ప్రాపర్టీస్‌లో రో హైట్ పక్కన 'ఎట్ లీస్ట్' అని ఉంటుంది, దాన్ని 'ఎగ్జాక్ట్‌లీ' చేయాలి. ఆప్షన్స్‌లో 'ఆటోమేటికల్లీ రీసైజ్ టు ఫిట్ కంటెంట్స్' టిక్ తీసేయాలి. ఈ రెండూ చేస్తే ఏ గడిలో ఎంత రాసినా చదరం చదరంగానే ఉంటుంది. చేయకపోతే పేరు పొడుగున్న గడి ఉబ్బి, పక్కవాటిని నొక్కేస్తుంది. ఈ భాగానికి పదికి పది. అష్టాచెమ్మా అయితే ఇంకా సుఖం: ఐదుకి ఐదు గళ్ళు, నాలుగు వైపులా ఇళ్ళు, నడుమ పండే గడి, వాటిలో అడ్డగీతలకి సెల్ బోర్డర్లలోనే ఏటవాలు గీత ఉంది. పక్కింటి కన్నడ ఆంటీ అది చూసి మా చౌకాబారా అంటూ గవ్వలు తెచ్చుకుని మరీ కూర్చున్నారు.

తెలుగు అక్షరాలతో ఒక చిక్కుంది. గడిలో స్థలం కలిసొస్తుందని లైన్ స్పేసింగ్ కూడా 'ఎగ్జాక్ట్‌లీ' పెడితే వత్తులు తెగిపోతాయి. 'ఎలక్ట్రానిక్ సిటీ' అని కొట్టి చూడండి, క కింద టవత్తు, రావత్తు రెండూ వేలాడాలి కదా, స్పేసింగ్ బిగిస్తే వాటి కిందిభాగం సగానికి నరికేసినట్టు కనబడుతుంది. సింగిల్‌లో వదిలేసి ఫాంటే తగ్గించుకోవడం మేలు. అంకెలకీ పాముల పేర్లకీ లావుగా ఉండే రామభద్ర ఫాంట్, మిగతా వాటికి మండలి వాడాను. రెండూ గూగుల్ ఫాంట్స్‌లో ఉచితం.

మార్కులు పోయింది పాముల దగ్గర. పాము గీయడం కష్టమేం కాదు. షేప్స్‌లో 'కర్వ్' తీసుకుని మెలికలు తిప్పి, చివర డబుల్ క్లిక్ చేస్తే అయిపోయింది. గీత మందం 14 పాయింట్లు, ముదురు ఆకుపచ్చ, క్యాప్ టైప్ రౌండ్. అదే గీతకి కాపీ తీసి 4 పాయింట్ల పసుపు చుక్కల గీతగా మార్చి పైన పెడితే పొలుసుల్లా భలే వస్తాయి. కష్టమంతా దాన్ని ఉన్నచోట ఉంచడంలో ఉంది. వర్డ్‌లో ప్రతి బొమ్మా ఏదో ఒక పేరాకి ముడిపడి ఉంటుంది. ఆ పేరా కదిలితే పాము పాకుతుంది. టేబుల్‌నీ బొమ్మలనీ కలిపి గ్రూప్ చేద్దామంటే వర్డ్ ఒప్పుకోదు.

దీనికి మందు హెడర్, అంటే పేజీ పైఅంచున విడిగా ఉండే భాగం. టేబుల్ మొత్తాన్ని హెడర్‌లో పెట్టండి. పాములు, నిచ్చెనలు అసలు పేజీలో, 'ఇన్ ఫ్రంట్ ఆఫ్ టెక్స్ట్' అని, స్థానం పేజీని బట్టి ఉండేలా పెట్టండి. ఇక పాము తోక పట్టుకుని లాగబోతే గడి ఎంచుకోవడం, గడిలో రాయబోతే పాము జరగడం ఉండవు. తెరమీద గళ్ళు వెలిసిపోయినట్టు కనిపిస్తాయి, కంగారు పడకండి, అచ్చులో పూర్తి రంగు వస్తుంది. గళ్ళ కింద మిగిలిన జాగాలో ఆట నియమాలు రాసుకోవచ్చు.

పులి-మేక మాత్రం ఇందులో పెట్టుకోకండి. శిఖరం నుంచి దిగే నాలుగు గీతలు, వాటిని కోసే అడ్డగీతలు, మొత్తం 23 కూడళ్ళు, మూడు పులులు, 15 మేకలు. ఇక్కడ గళ్ళు లేవు, గీతలు కలిసే చోట్లే ఆట. డ్రాయింగ్ కాన్వాస్ (బొమ్మలన్నిటినీ ఒకచోట ఉంచే చట్రం) వేసుకోకపోతే బొమ్మల్ని కలిపే కనెక్టర్ గీతలు దేనికీ అతుక్కోవు, పెద్దది చేసి చూస్తే శిఖరం దగ్గర నాలుగు గీతలూ నాలుగు దారులు. దానికి పవర్‌పాయింట్ నయం.

ఇంకో పరిమితి: వర్డ్ పేజీ ఏ వైపూ 22 అంగుళాలు, అంటే 55.88 సెంటీమీటర్లు దాటదు. ఏ2 కాగితం పొడవు 59.4. చదరపు బోర్డుకి అంత పొడవు అక్కర్లేదు కాబట్టి 42 × 55 పేజీతో సర్దుకోవచ్చు. ఫ్లోర్ మీద పరిచే బోర్డు కావాలంటే ఇది పనికిరాదు.

ప్రింట్‌కి వెళ్ళేముందు పీడీఎఫ్ చేసుకోండి. జెరాక్స్ షాపు కంప్యూటర్లో రామభద్ర ఉండదు, అక్షరాలన్నీ ఇంకో వేషంలో వస్తాయి. మా వీధి చివర షాపతను 'ఫిట్ టు పేజ్' మీద కొట్టేస్తుంటే 'యాక్చువల్ సైజ్' పెట్టించి, స్కేలుతో ఒక గడి కొలిచి మరీ డబ్బులిచ్చాను. లామినేషన్ మెరిసేది వద్దు, ట్యూబ్‌లైట్ కింద అంకెలు కనబడవు, మ్యాట్ అడగండి. సన్‌బోర్డ్ (గట్టి ఫోమ్ షీట్) మీద అతికిస్తే వంకర పోదు.

బోర్డు కోసమే వర్డ్ కొనక్కర్లేదు. ఇంట్లో ఇప్పటికే ఉన్నవాళ్ళకి మాత్రం దీని అసలు లాభం అచ్చు అయ్యాక తెలుస్తుంది. మా చెల్లెలు ఆ ఫైల్ వాట్సాప్‌లో తెప్పించుకుంది. డిజైన్ అంటే ఏమిటో దానికి తెలీదు, టైపింగ్ వచ్చు, అంతే. హెడర్ మీద రెండుసార్లు క్లిక్ చెయ్యమని మాత్రం ఫోన్లో చెప్పాను. సిల్క్ బోర్డ్ తీసేసి పెద్ద పాము తల దగ్గర 'టమాటా కిలో రెండు రూపాయలు' అని రాసింది. నిచ్చెన కింద 'చెన్నై లారీ వచ్చింది' అట. పాములు ఒక్కటీ కదల్లేదు. టమాటా వేసిన మా మరిది మాత్రం ఆ పాము తల మరీ కింద ఉంది, ఇంకాస్త పైకి జరపమంటున్నాడు.