విశాఖ ద్వారకానగర్ వైపు పంటి ఫిల్లింగ్‌కి వెళ్తున్నారా? ముందు ఇది చదవండి

అక్కడొక క్లినిక్‌లో బిల్లు మీద "బల్క్ ఫిల్ కాంపోజిట్" (ఒకేసారి మందంగా నింపగలిగే, పంటి రంగు ఫిల్లింగ్) అని రాసి 2,500 రూపాయలు తీసుకున్నారు. ట్రేలో ఉన్న సిరంజి చూస్తే మామూలు హైబ్రిడ్ (పల్చటి పొరలుగా వేయాల్సిన రకం), ఏ2 అనే రంగు. మా వదినకి కింది దవడ పళ్ల మధ్య పుచ్చు, 6 మిల్లీమీటర్ల లోతు. ఆ గుంతంతా ఒకే ముద్దతో నింపేసి, పైనుంచి ఒక్కసారి 10 సెకన్లు నీలం లైటు కొట్టి లేవమన్నారు. అప్పట్నుంచి నమిలితే చాలు, జివ్వుమని లాగేది.

అడగడానికి వెళ్తే వెయిటింగ్ హాల్లో అందరి ముందూ, "మీ పన్నే సెన్సిటివ్ అండి. గూగుల్ చూసొచ్చి మాకే చెప్తారేటి?" అన్నారు. వేసిన మెటీరియల్ పేరు కార్డు మీద రాసిమ్మంటే అదీ ఇవ్వలేదు. డబ్బు తీసుకున్న వస్తువు పేరు చెప్పడానికి ఏం అడ్డమండీ?

పన్ను తప్పేం లేదు. మామూలు కాంపోజిట్‌లో లైటు పనిచేసేది 2 మిల్లీమీటర్ల లోతు వరకే. పైన రాయిలా ఉన్నా కింద పచ్చిగానే ఉండిపోతుంది. వేరే డాక్టరుగారు తీసి చూస్తే అడుగున ప్రోబ్ (సూదిలాంటి పరికరం) దిగిపోయింది. పైగా కాంపోజిట్ గట్టిపడేటప్పుడు సుమారు 2 నుంచి 3 శాతం కుంచించుకుపోతుంది. ఒకే ముద్ద అన్ని గోడల్నీ ఒకేసారి లాగితే, బాండింగ్ (పంటికి అతికించే జిగురు పొర) బలహీనంగా ఉన్నచోట ఊడి సందు పడుతుంది. నమిలినప్పుడల్లా డెంటిన్ (ఎనామిల్ కింది పొర) లోని సన్న గొట్టాల్లో ద్రవం కదులుతుంది, ఆ నొప్పే ఇది. (ఫిల్లింగ్ ఎత్తుగా ఉన్నా నొప్పి వస్తుంది. అది నీలం కాగితం కొరికించి అరగదీస్తే తగ్గుతుంది. ఇక్కడ అరగదీసినా తగ్గలేదు.) వదిలేస్తే ఆ సందులోనే మళ్లీ పుచ్చు మొదలవుతుంది.

అందుకే 2 మిల్లీమీటర్ల పొరలు ఏటవాలుగా, ఎదురెదురు గోడల్ని ఒకే పొర కలపకుండా వేసి, ఒక్కో పొరకీ 20 సెకన్లు లైటు కొట్టాలి. నిజంగా బల్క్ ఫిల్ అయినా చాలావాటికి 4 మిల్లీమీటర్లే హద్దు, ఈ గుంతకి అదీ రెండు విడతల పనే.

బాండింగ్ ఇంకా ఘోరం. జిగురు పట్టడానికి ముందు రాసే 37 శాతం ఫాస్ఫారిక్ యాసిడ్ జెల్ డెంటిన్ మీద 15 సెకన్లు మించకూడదు. కడిగాక ఉమ్మి తగిలిందంటే మళ్లీ శుభ్రం చేసి మొదలుపెట్టాల్సిందే. ఇక్కడ రబ్బర్ డ్యామ్ (ఉమ్మి తగలకుండా పన్ను చుట్టూ వేసే రబ్బరు షీటు) లేదు, తడిసిన దూది కూడా మార్చలేదు. వెడ్జ్ (పళ్ల మధ్య దూర్చే చిన్న చీలిక) పెట్టకుండా, ఫిల్లింగ్‌కి ఆకారం ఇచ్చే పట్టీ పంటికి చుట్టేశారు. దాంతో పళ్ల మధ్య ప్రతి అన్నం ముద్దకీ మెతుకు ఇరుక్కునేది.

డబ్బు పోతే పోయింది. ఫిల్లింగ్ తీసి మళ్లీ వేసినప్పుడల్లా మంచి పన్ను కూడా కొంత అరిగిపోతుంది, దాన్ని ఎవరు తిరిగిస్తారు?

కూర్చునే ముందే రబ్బర్ డ్యామ్ వేస్తారా, ఎన్ని పొరల్లో నింపుతారు అని అడగండి. సిరంజి మీద పేరు, ఎక్స్‌పైరీ తేదీ ఫొటో తీసుకోండి. లేచేముందు ఫ్లాస్ (పళ్ల మధ్య దూర్చే దారం) వేయించుకోండి, కాస్త పట్టి టక్కున దిగాలి. లోతు పుచ్చయితే రుషికొండలో గీతం డెంటల్ కాలేజీ ఉంది, అక్కడ కన్సర్వేటివ్ డిపార్ట్‌మెంట్ (ఫిల్లింగులు చేసే విభాగం) లో చూపించుకోండి.