చందనం అని కొన్నాను, ఫినాయిల్ సెంటు అంటగట్టారు. వైజాగ్ వాళ్ళు జాగ్రత్త!

పేజీ పేరు రాయను. రాయక్కర్లేదు కూడా, వైజాగ్‌లో ఇన్‌స్టా తెరిచేవాళ్ళకి రోజుకి నాలుగుసార్లు కనిపిస్తూనే ఉంటుంది. రాగిరంగు మూత సీసా, పక్కన రెండు మల్లెపూలు, వెనకాల వీణ. ఆ వీణకే పడిపోయాను.

మాది మధురవాడ వైపు ఐదంతస్తుల అపార్ట్‌మెంట్. ఈ వానలకి లిఫ్టులో ఒకటే ముక్క వాసన. ఈ ఏడాది అసోసియేషన్ డబ్బులు నా దగ్గరే ఉన్నాయి కాబట్టి "ఏదైనా పెట్టించండి మేడమ్" అని గ్రూపులో పదిమంది మొదలెట్టారు. గోడకి తగిలించే డిఫ్యూజర్, అంటే సెంటు ఊదే మెషీన్, 1,850. "నూరు శాతం స్వచ్ఛమైన చందన తైలం" 100 మిల్లీలీటర్ల సీసాలు మూడు, ఒక్కోటి 650. మొత్తం 3,800, ముందే యూపీఐలో పంపేశాను. అసలైన చందన తైలం కిలో లక్ష పైమాటే, ఆ లెక్కన సీసా పదివేలు దాటాలి. ఈ లెక్క ఇప్పుడు వేస్తున్నాను. లెక్కల్లో బీఎస్సీ చేశాను, అదొకటి.

బుధవారం సాయంత్రం పెట్టించాం. గురువారం పొద్దున లిఫ్టు తలుపు తీస్తే కళ్ళు మండాయి. గాలాడని పెట్టె కదా అది, రాత్రంతా ఊదిందంతా అందులోనే ఉంది. రెండో అంతస్తు పాపకి ఆయాసం ఉంది, ఆ రాత్రే పిల్లికూతలు. డాక్టరు మొదట అడిగింది "ఇంట్లో అగరొత్తులు, రూమ్ స్ప్రేలు ఏమైనా వాడుతున్నారా?" అనేనట. ఐదో అంతస్తు మామ్మగారైతే లిఫ్టే మానేశారు. ఆవిడ గోపాలపట్నం వైపు నుంచి వచ్చారు. 2020 మే 7 తెల్లవారుజామున వెంకటాపురంలో ఎల్‌జీ పాలిమర్స్ ఫ్యాక్టరీ నుంచి స్టైరీన్ అనే విషవాయువు లీకయినప్పుడు అక్కడికి దగ్గర్లోనే ఉన్నారు. కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని మెట్టు మెట్టూ దిగుతుంటే చూసి నాకు తల కొట్టేసినట్టయింది. పెట్టించింది నేనే కదా.

వెంటనే మెషీన్ ఆపించి, ఆ పేజీ వాళ్ళకి ఫోన్ చేశాను. మర్యాదగానే అడిగాను, ఘాటు ఎక్కువగా ఉంది, పిల్లలకి పడటం లేదు అని. ఆ అమ్మాయి ఏమందో ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

"మేడమ్, ప్యూర్ చందనం ఘాటుగానే ఉంటుంది. మీకు అగరొత్తులే అలవాటు, ఒరిజినల్ మీ ముక్కుకి పట్టదు."

వెనకాల ఎవరో నవ్వారు కూడా.

నా ముక్కుకి! సింహాచలం కొండ కింద పుట్టినదాన్ని. అక్షయ తృతీయకి అప్పన్న మీద చందనం ఒలిచి నిజరూపం చూపించే ఊరండీ ఇది. ఆ ఒలిచిన చందనం ప్రసాదం పొట్లం మా దేవుడి గూట్లో ఎప్పుడూ ఉంటుంది. ఆ వాసన ఎలా ఉంటుందో నాకు వీళ్ళు చెప్పాలా? అత్తయ్య పొట్లం ఒక చేత్తో, సీసా ఒక చేత్తో పట్టుకుని రెండూ వాసన చూసి, "ఏటమ్మా ఇది, బాత్రూం కడిగినట్టుంది" అన్నారు.

ఆవిడ అన్నదే నిజమైంది. సీసా మీద లేబుల్ ఒక మూల లేచి ఉంటే గోటితో గీకాను. దాని కింద ఇంకో లేబుల్! సగం చిరిగింది గానీ అసలు ముక్క మిగిలింది: ఫినాయిల్, ఫ్లోర్ క్లీనర్ తయారీకి సెంటు, పలుచన చేసి వాడవలెను. లీటరుకి ఎంత కలపాలో ఆ అంకె దగ్గరే చిరిగిపోయింది. బకెట్లలో కాస్తంత కలపాల్సిన సరుకుని నేను చిక్కగా, తలుపులేసి, పసిపిల్లలు తిరిగే లిఫ్టులో రాత్రంతా ఊదించాను. ఎవరిని తిట్టాలి?

ఫొటో తీసి పంపాను. నీలం టిక్కులు పడ్డాయి. పది నిమిషాలకి జవాబు: "సీల్ తీసిన ప్రోడక్ట్‌కి రిటర్న్ లేదు మేడమ్, హ్యాపీ ఫ్రాగ్రెన్స్" అని, చివర ఒక పువ్వు బొమ్మ. తర్వాత డీపీ మాయం, నన్ను బ్లాక్ చేశారు. 3,800కి ఒక పువ్వు.

ఇంతకంటే సిగ్గుచేటు ఇంకోటుంది. శనివారం సర్వీసుకి వచ్చిన లిఫ్టు కుర్రాడు కింద గుంట తెరిస్తే జానెడు వాన నీళ్ళు, కుళ్ళిన ఆకులు, ఒక చచ్చిన ఎలక. వాచ్‌మన్ మోటరు పెట్టి తోడేసి బ్లీచింగ్ చల్లాడు. సాయంత్రానికి ముక్క వాసన లేదు. ఖర్చు, అతని టీ టిఫిన్లకి 100.

కొనేవాళ్ళకి నాకు తోచింది: సీసా మీద తయారుచేసినవాళ్ళ పేరు, చిరునామా, ఎమ్మార్పీ, ఎన్ని మిల్లీలీటర్లు అన్నవి లేకపోతే ముట్టుకోకండి. నా దాని మీద ఉన్నవి గంధపు చెట్టు బొమ్మ, ఆ "నూరు శాతం" మాత్రమే. పార్సిల్ విప్పేటప్పుడు వీడియో తీసుకోండి, నేను తియ్యలేదు. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి చేశాను, ఫిర్యాదు నంబరైతే ఇచ్చారు. లిఫ్టు లాంటి నలుగురూ తిరిగే చోట మాత్రం సెంటు జోలికే పోకండి, ఎవరికి ఏది పడదో మనకేం తెలుసు.

రేపు ఆదివారం మీటింగులో లెక్క చెప్పాలి. 3,800 నా జేబులోంచే వేసేస్తున్నాను. మామ్మగారి దగ్గరికి ఈ సాయంత్రం వెళ్ళి, తీయించేశాను అని చెప్పాను. "మంచిదమ్మా" అన్నారు గానీ, ఇందాక కూడా మెట్ల మీదే కనిపించారు.