26 అడుగుల నుంచి 34కు: మూడు రేవులు తిరిగి ఒక పడవ తెచ్చుకున్నాం

మా 26 అడుగుల తెరచాప పడవ కొన్నప్పుడు మేం ఇద్దరమే. ఇప్పుడు పాపకు తొమ్మిదేళ్లు, బాబుకు ఆరు. పోయిన సీజనులో రెండు రోజులు ఎడతెరిపి లేని వానలో లంగరు వేసుకుని ఉండిపోయాం. నలుగురం ఒకేసారి లేచి నిలబడే చోటు లోపల లేదని అప్పుడు బాగా తెలిసొచ్చింది. ఒకరు వంట చేస్తుంటే మిగిలిన ముగ్గురూ పక్కల మీదికి ఎక్కాలి. ఒకరు బట్టలు మార్చుకోవాలంటే ఇద్దరు బయటికి, వానలోకి వెళ్లాలి. తిరిగి రాగానే పెద్ద పడవ వెతకడం మొదలుపెట్టాం. వాడిన పడవల్లో మూడింటిని ఎంచుకుని, పిల్లల్ని వెంటబెట్టుకుని వారం రోజులు మూడు రేవులు తిరిగాం. పడవలతో పాటు ఆ రేవులు, బస, పడవలను పరీక్షించి లోపాలు చెప్పే సర్వేయర్లు, మరమ్మతు యార్డుల సంగతి కూడా రాస్తున్నాను.

మొదటిది పెద్ద మరీనా, అంటే విహార పడవలు కట్టుకునే రేవు. సౌకర్యాలకు వంక పెట్టడానికి లేదు. ప్రతి పడవ పక్కనా నీళ్ల గొట్టం, కరెంటు ప్లగ్గు ఉన్నాయి. వేడినీళ్ల స్నానాల గదులు, బట్టలుతికే యంత్రాలు ఉన్నాయి. పడవ దగ్గరికి రాగానే సిబ్బంది వచ్చి తాళ్లు అందుకుంటారు. మేం దిగిన గది నీటికి ఎదురుగానే ఉంది, నిద్ర మాత్రం పట్టలేదు. గాలి వీచినంతసేపూ వందలాది తెరచాప స్తంభాలకు తాళ్లు కొట్టుకుని టంగుటంగుమంటూనే ఉన్నాయి. చిన్నపిల్లలతో వెళ్లేవారు అలాంటిచోట వెనకవైపు గది అడిగి తీసుకోవడం మేలు.

అక్కడ చూసింది 40 అడుగుల పడవ. కొన్నేళ్లు అద్దెకు తిరిగింది. మూడు పడక గదులు, రెండు మరుగుదొడ్లు, ఎనిమిది మంది కూర్చోగల హాలు. మా పిల్లలు ఎక్కిన ఐదు నిమిషాల్లో గదులు పంచేసుకున్నారు. నాకూ మనసు లాగింది. కానీ పొడవుతో పాటు వెడల్పు, లోతు కూడా పెరుగుతాయి కాబట్టి, పొడవు ఒకటిన్నర రెట్లయితే బరువు మూడు రెట్లు దాటుతుంది. మా పాత పడవ రెండున్నర టన్నులు, ఇది ఎనిమిది టన్నుల పైమాట. గట్టుకు చేరేటప్పుడు చిన్న పడవను కాలితో తోసి ఆపుకోవచ్చు. ఎనిమిది టన్నులకు కాలు అడ్డం పెడితే కాలే పోతుంది.

సముద్రంలోకి తీసుకెళ్లిన రోజు గాలి 18 నాట్లు (గంటకు సుమారు 33 కిలోమీటర్లు) ఉంది. బ్రోకరు కూడా వచ్చారు. మేం మాత్రం ఆయన్ను తాడు ముట్టుకోవద్దని ముందే కోరాం. అరగంటలోనే బాబుకు కడుపులో తిప్పింది. వాడిని పట్టుకుని నేను లోపలికి వెళ్లాను, పైన మావారు ఒంటరిగా మిగిలారు. గాలి పెరిగింది. పెద్ద తెరచాపను కొంత దింపి కట్టాలి. దాని తాడును చుట్టి బిగించే వించ్ ఒక మూల, చుక్కాని చక్రం ఇంకో మూల ఉండటంతో ఆయన రెండింటి మధ్యా పరుగులు పెట్టారు. గాలి వేగం రెట్టింపైతే తెరచాప మీద ఒత్తిడి నాలుగు రెట్లవుతుంది. ఆ పని ఒక్కరి చేతుల్లో ఇమిడేది కాదు. లోపల నా పరిస్థితీ అంతే. రేవులో విశాలంగా కనిపించిన ఆ హాలులో చెయ్యి ఆనించడానికి ఒక్క కడ్డీ లేదు. పడవ ఒరిగినప్పుడు పాప ఆ చివర నుంచి ఈ చివరకు జారిపోయింది. దెబ్బ తగలలేదు, భయపడింది.

ఆ రాత్రి మాకు ఒక విషయం స్పష్టమైంది. కుటుంబ పడవలో పెద్దవాళ్లు ఇద్దరున్నా పని చేసేది ఒక్కరే, రెండోవారు ఎప్పుడూ పిల్లల దగ్గరే ఉంటారు. కాబట్టి మేం కొనే పడవను మాలో ఎవరమైనా ఒంటరిగా నడపగలగాలి. ఇక మిగతావన్నీ దీని తర్వాతే అనుకున్నాం.

వేగం మాటేమిటని అడిగేవారుంటారు. నీటిని తాకే పొడవును అడుగుల్లో తీసుకుని, దాని వర్గమూలాన్ని 1.34తో గుణిస్తే బరువైన పడవ గరిష్ఠ వేగం దాదాపుగా నాట్లలో వస్తుంది. మా పాత పడవకు (21 అడుగులు) 6.1, 34 అడుగుల పడవకు (28 అడుగులు) 7.1, 40 అడుగులదానికి (35 అడుగులు) 7.9. అంటే మా పాత పడవ నుంచి మొదటి మెట్టు ఎక్కితే ఒక నాటు కలిసొస్తుంది. 40 నాటికల్ మైళ్ల ప్రయాణం సగటున 5 నాట్ల మీద ఎనిమిది గంటలు, 6 నాట్ల మీద ఆరు గంటల నలభై నిమిషాలు. పిల్లలతో వెళ్లేవారికి ఆ గంటా ఇరవై నిమిషాలు చాలా విలువైనవి. రెండో మెట్టు ఎక్కితే కలిసొచ్చేది అంతకంటే తక్కువే. పైగా 40 అడుగులదానికి 2.1 మీటర్ల లోతుకు దిగే కీల్‌తో (పడవ అడుగున ఉండే బరువైన రెక్క) మాకు ఇష్టమైన లోతు తక్కువ పాయల్లోకి ఇక వెళ్లలేం.

రెండో రేవు నది లోపల ఉంది. అవతలి ఒడ్డున అతిథి గృహం శుభ్రంగా, నిశ్శబ్దంగా ఉంది. ప్రయాణం మొత్తంలో మేం హాయిగా నిద్రపోయింది అక్కడే. పడవ సంగతి మాత్రం ఒక్క పూటలో తేలిపోయింది. ఇంజను చల్లగా ఉన్నప్పుడు మొదటిసారి ఎలా అందుకుంటుందో చూడాలి, అందుకే ముందుగా నడిపి ఉంచవద్దని యజమానికి చెప్పాం. మేం వెళ్లి చెయ్యి పెట్టేసరికి అది వెచ్చగా ఉంది. మా సర్వేయర్ ప్లాస్టిక్ సుత్తితో డెక్ మీద తడుతూ వెళ్లారు. గట్టిగా ఉన్నచోట టక్కుమని మోగింది, స్తంభం చుట్టూ మాత్రం చప్పుడు మొద్దుబారిపోయింది. డెక్ పొరల మధ్య ఉండే తేలిక చెక్క తడిసి కుళ్లిందన్న మాట. ఆయన సుత్తి సంచిలో పెట్టేసి, మిగతాది చూడటం మీకు దండగ అన్నారు. సగం రుసుమే తీసుకున్నారు. సర్వేయర్‌ను మనమే వెతికి పెట్టుకోవాలని, అమ్మేవారు సూచించినవారిని కాదని ఎవరడిగినా చెబుతున్నాను.

మూడో రేవులో వసతులు చెప్పుకోదగినవి కావు. ఒక్క కుళాయి, పావుగంట నడిస్తే మరుగుదొడ్డి, నీటిలో తేలే బోయాలకు కట్టిన ముప్పై పడవలు. అక్కడి 34 అడుగుల పడవ ఒక వృద్ధ దంపతులది. రెండు రాత్రులు అందులోనే పడుకుని చూడమని వాళ్లే అన్నారు. అమ్మేవారు సాధారణంగా ఒప్పుకోని సంగతి ఇది. ఆ రెండు రాత్రుల్లో తెలిసినంత నాకు ఏ ప్రకటనలోనూ, ఏ ఫొటోలోనూ తెలియలేదు. మొదటి రాత్రి వాన పడింది. కిటికీల కింద వేళ్లతో తడిమి చూశాను. ఒకచోట తప్ప అంతా పొడిగా ఉంది, ఆ ఒక్కచోటూ ఎక్కడో పెద్దాయన ముందే చెప్పారు. తెల్లవారుజామున అలల పోటు మొదలైంది. ముందు గదిలో పడుకున్న మేం ఎగిరెగిరి పడ్డాం. వెనక ఇరుకు పక్కలో పాప, మధ్యలో గుడ్డ అడ్డు కట్టిన పక్కలో బాబు కదలకుండా నిద్రపోయారు. ప్రయాణంలో పడుకోవాల్సింది ఆ ఇరుకు చోట్లలోనే. వంటగది గుర్రపు నాడా ఆకారంలో ఉంది. పడవ ఒరిగినా నడుము ఆనించుకుని రెండు చేతులతో పని చేసుకోవచ్చు. పైకప్పు పొడవునా పట్టుకునే కడ్డీలున్నాయి, బాబు చెయ్యి అందదు గనుక వాడికోసం కింద ఇంకో రెండు బిగించుకోవాలి.

మర్నాడు నేనే ఒంటరిగా నడిపాను. తెరచాపల తాళ్లన్నీ చుక్కాని దగ్గరికే వస్తాయి. తెరచాపను కుదించడానికి నాకు నాలుగు నిమిషాలు పట్టింది, రెండోసారి మూడు. లంగరు గొలుసు 8 మిల్లీమీటర్లది, మీటరుకు దాదాపు 1.4 కిలోలు. కరెంటు పోయినా చేత్తో తిప్పి లాగగలిగాను. 40 అడుగుల పడవకున్న 10 మిల్లీమీటర్ల గొలుసు మీటరుకు 2.3 కిలోలు ఉంటుంది, అది నావల్ల కాదు.

పక్క యార్డులో క్రేనుతో పైకి తీయించాం. నీళ్లలోంచి అప్పుడే తీసిన పడవ మీద తేమ మీటరు అంకెలను పూర్తిగా నమ్మకూడదని సర్వేయరే ముందుగా హెచ్చరించారు. కీల్, హల్ (పడవ ఒళ్లు) కలిసేచోట పగులు లేదు. లోపాలు మూడు దొరికాయి. అడుగున ఉన్న వాల్వుల్లో రెండింటిని గీకితే ఇత్తడి గులాబీ రంగుకు తిరిగి ఉంది, అంటే అందులోని జింకు కరిగిపోయింది. ఇంజను నుంచి పడవ అడుగు గుండా ప్రొపెల్లర్ దాకా దిగే సెయిల్‌డ్రైవ్ చుట్టూ నీటిని ఆపే రబ్బరు పొర ఎప్పుడు మార్చారో రికార్డు లేదు, వోల్వో పెంటా దాన్ని ఏడేళ్లకోసారి మార్చమంటుంది. స్తంభాన్ని నిలబెట్టే స్టీలు తీగలు 14 ఏళ్లవి. పదేళ్లు దాటిన తీగలకు బీమా సంస్థలు తరచూ అభ్యంతరం చెబుతాయి. ఈ మూడూ కాగితం మీద పెట్టి మాట్లాడితే పెద్దాయన వాదించకుండా ధర తగ్గించారు. పడవ తీసుకున్నాం.

పనులన్నీ ఆ యార్డుకే అప్పగించాం. వారమన్నది మూడు వారాలైంది. మధ్యలో ఫోన్లు ఎత్తలేదు, అడగందే కబురు చెప్పలేదు. ఆ విషయంలో నాకు ఇప్పటికీ కోపమే. పని మాత్రం నికార్సుగా చేశారు. పాత తీగలు విప్పాక వాటిని పారేయకుండా మాకోసం దాచి ఉంచారు. ఎడమవైపు తీగ కింది కొసను తుడిచి భూతద్దం కింద పెట్టి చూపించారు. స్టీలు బిగింపు చుట్టూ, సగం దాకా, వెంట్రుకంత పగులు ఉంది. ఒంటరిగా నడిపిన రోజు నేను నేర్చుకుంటూ 18 నాట్ల గాలిలో ఆ వైపుకే రెండుసార్లు తిప్పాను. మావారు ఆ ముక్కను అడిగి తీసుకున్నారు.