కరువు దేశానికి బియ్యం పంపాలా, డబ్బు పంపాలా? ఏది మేలు?

పెన్నా డెల్టాలో మొదటి కారు కోతలై మిల్లులు నిండగానే నెల్లూరు వైపు ఒక మాట మొదలవుతుంది: "ఇక్కడ ధాన్యం కొనే దిక్కు లేదు, ఆఫ్రికాలో తినడానికి లేదు, మన బియ్యమే పంపొచ్చుగా?" పంపుతూనే ఉన్నారు. 2024లో ఎల్‌నినో కరువు వచ్చినప్పుడు మన దేశం మలావీకి, జింబాబ్వేకి వెయ్యేసి టన్నుల బియ్యం, జాంబియాకు 1,300 టన్నుల మొక్కజొన్న ఇచ్చింది. అయితే దారి అదొక్కటే కాదు. ఐక్యరాజ్యసమితి నడిపే ప్రపంచ ఆహార కార్యక్రమానికి డబ్బిచ్చి కరువు చోటుకు దగ్గర్లోనే కొనమనొచ్చు. అప్పు మీద సరుకిచ్చి, ఎగుమతులకు అడ్డం పడకుండా ఉండొచ్చు.

ముందు బియ్యం లెక్క చూద్దాం. సాయం రేషన్‌లో మనిషికి రోజుకు 400 గ్రాముల ధాన్యం, 60 గ్రాముల పప్పు, 25 గ్రాముల నూనె ప్రధానం. బలవర్ధక పిండి, చక్కెర, ఉప్పు కలిస్తే సుమారు 2,100 కేలరీలు. ఈ లెక్కన వెయ్యి టన్నులు 25 లక్షల మందికి ఒక్కరోజు తిండి. ఆ ఏడాది మలావీలో తిండికి కటకటలాడినవాళ్లు 57 లక్షలు. అంటే మనం పంపింది అర రోజుకు కూడా చాలదు. అదే వెయ్యి టన్నులు ఇక్కడ తీయాలంటే, పచ్చి బియ్యానికి 67 శాతం దిగుబడి చొప్పున దాదాపు 1,490 టన్నుల ధాన్యం ఆడించాలి. 850 కిలోల మన పుట్టి లెక్కలో 1,750 పుట్ల పైమాట. ఎకరాకు మూడు పుట్లు వేసుకున్నా 580 ఎకరాల పంట. జెండా గుర్తు వేసి పంపడానికి ఇది బాగానే ఉంటుంది, కరువు తీర్చడానికి కాదు.

పైగా మలావీకి సముద్రం లేదు. మొజాంబిక్‌లోని బేరాలోనో నకాలాలోనో దించి సరిహద్దు దాటించాలి. రేవు దాకా మనం ఇచ్చి, లోపలి కిరాయి ఎవరూ కట్టకపోతే బస్తాలు గోదాములోనే ముక్కిపోతాయి. అక్కడివాళ్లు తినేది తెల్ల మొక్కజొన్న పిండితో వండే న్సీమా, మన సంగటి లాంటిది. బియ్యం చేతికొస్తే అమ్మేసి మొక్కజొన్న కొనుక్కునే ఇళ్లూ ఉంటాయి. వాళ్ల తిండే పంపుదామన్నా చిక్కులుంటాయి: 2002లో జాంబియా, ఆకలి మధ్యలోనే, జన్యుమార్పిడి మొక్కజొన్న అని అమెరికా సాయాన్ని వద్దంది.

డబ్బు దారి వేగమైనది. అమెరికా ప్రభుత్వ ఆడిట్ సంస్థ 2009లో లెక్క తీసింది. సహారా దిగువ దేశాలకు అమెరికా నుంచి సరుకు చేరడానికి సగటున 147 రోజులు పట్టింది. ఆ దేశంలోనే కొంటే 35, పొరుగున కొంటే 41. ఖర్చూ 34 శాతం తక్కువ. ముప్పాతిక వంతు సరుకు తమ జెండా ఓడల్లోనే వెళ్లాలన్న అప్పటి అమెరికా చట్టం వల్ల కిరాయి ఇంకా పెరిగేది. అయితే డబ్బు పనిచేయాలంటే దగ్గర్లో ఎక్కడో గింజ ఉండాలి. 2024లో జాంబియా, మలావీ, జింబాబ్వే మూడూ ఒకేసారి ఎండిపోయాయి, దక్షిణాఫ్రికాలో తెల్ల మొక్కజొన్న ధర ఎగిరింది. అలాంటి చోట డబ్బు గుమ్మరిస్తే సాయం అందని కూలివాడికి ధర మరింత పెరుగుతుంది.

ఇక షరతుల సంగతి. 1951లో మనం గోధుమలు అడిగితే, కొరియా యుద్ధం విషయంలో నెహ్రూ వైఖరి నచ్చక అమెరికా కాంగ్రెస్ నెలల తరబడి నానబెట్టింది. చివరికి ఇచ్చింది 19 కోట్ల డాలర్ల అప్పుగానే. 1966లో వియత్నాం యుద్ధం మీద మన మాటలు గిట్టని అమెరికా అధ్యక్షుడు జాన్సన్, పీఎల్-480 అనే సాయం చట్టం కింద రావాల్సిన ధాన్యాన్ని కొద్దికొద్దిగా వదిలాడు. 1974లో క్యూబాకు గోనెసంచులు అమ్మిందని బంగ్లాదేశ్‌కు అమెరికా సాయం ఆపింది, కరువు మధ్యలో. బడుల్లో గోధుమ రవ్వ ఉప్మా తిన్న తరం మన దగ్గర ఇంకా ఉంది. ఆ రుచితోపాటు ఆ అవమానమూ దేశం మరిచిపోలేదు. చేలగట్ల మీది వయ్యారిభామ కూడా ఆ గోధుమలతోనే వచ్చిందంటారు. దానికి భిన్నంగా 2024లో మాల్దీవుల్లో 'ఇండియా ఔట్' అన్నవాళ్లు గద్దె మీద ఉన్నా, మన దేశం వాళ్ల నిత్యావసరాల కోటాను 1981 తర్వాత ఎన్నడూ లేనంత పెంచింది. నా లెక్కలో దౌత్యమంటే అది.

మూడో దారి, అంటే అప్పు, ఎగుమతుల గురించి తక్కువ మాట్లాడతాం గానీ దెబ్బ పెద్దది దానితోనే. 2023 జూలై 20న బాస్మతి కాని తెల్లబియ్యం ఎగుమతి నిషేధించగానే ప్రపంచ బియ్యం ధర పదిహేనేళ్ల గరిష్ఠానికి పోయింది. కామెరూన్ వంటి దేశాలు కోటా కోసం ఢిల్లీ చుట్టూ తిరిగాయి. ఒక చేత్తో వెయ్యి టన్నులిచ్చి, రెండో చేత్తో ధర పెంచితే మిగిలేది ఫొటోనే. శ్రీలంకకు 2022లో ఇచ్చిన వంద కోట్ల డాలర్ల అప్పు సరైన చోట పడింది: వాళ్లకు లేనిది డాలర్లు, తినేది అన్నమే, మధ్యలో ఉన్నది చిన్న జలసంధి.

కాబట్టి సముద్రం ఆనుకుని, అన్నం తినే దేశమైతే సరుకు లేదా అప్పు. పొరుగున గింజ ఉండి జనం చేతిలో డబ్బు లేకపోతే డబ్బు. ఆ ప్రాంతమంతా ఎండితే రేవు దాకా సరుకు, ఆపైన కిరాయికి డబ్బు, రెండూ ఒకే ఒప్పందంలో. అఫ్గానిస్తాన్‌కు ప్రకటించిన 50,000 టన్నుల గోధుమలు పంచే పని ప్రపంచ ఆహార కార్యక్రమం చేతికిచ్చారు. పాకిస్తాన్ దారి ఖరారయ్యేసరికి నాలుగు నెలలు పోయాయి. మొదటి 2,500 టన్నులు పంజాబ్ సరిహద్దులోని అటారీ దాటింది 2022 ఫిబ్రవరి 22న.

మన జిల్లాల నుంచి పంపేటట్టయితే బీపీటీలు వద్దు, 1010 రకం చాలు. నూక 25 శాతం ఉన్నా పర్లేదు. ఉప్పుడు బియ్యమైతే పురుగును ఇంకా బాగా తట్టుకుంటుంది. తేమ 14 శాతం దాటితే ఓడలో ఉడుకెక్కి గడ్డ కడుతుంది. పురుగు చావడానికి టన్నుకు మూడు అల్యూమినియం ఫాస్ఫైడ్ బిళ్లలు, కవరు కింద ఏడు రోజులు. తొందరపడి మూడో రోజే విప్పితే గుడ్లు చావవు. ఒంగోలు కోల్డ్ స్టోరేజీల్లోని శనగలు కలపాలనుకుంటే పప్పుగా ఆడించి పంపాలి, గుండు శనగలు ఉడికేంత కట్టెలు శిబిరాల్లో ఉండవు. ముఖ్యమైంది నెల. మలావీలో గాదెలు ఖాళీ అయ్యేది అక్టోబరు నుంచి మార్చి దాకా. మన ఏప్రిల్ ధాన్యం మేలో ఆడించి, వానలు పడకముందే రేవు దాటిస్తే అక్టోబరుకు ఊళ్లకు చేరుతుంది. రెండో కారు ఎడగారు పంట వచ్చాక చూద్దాంలే అని ఆగితే, కాగితాలు తేలి ఓడ చేరేసరికి మళ్లీ ఏప్రిల్ వస్తుంది. అప్పుడు వాళ్ల కొత్త మొక్కజొన్న సంతకు దిగుతుంటుంది, మన బస్తాలు పోయి అక్కడి రైతు ధర మీదే పడతాయి.