అమెరికా వచ్చే తల్లిదండ్రులకు విజిటర్ ఇన్సూరెన్స్: ఒక వినియోగదారు సమీక్ష

బి-2 (సందర్శకుల) వీసాపై అమెరికా వచ్చే తల్లిదండ్రులకు ఆరోగ్య బీమా ఉండి తీరాలన్న నిబంధన లేదు. వీసా ఇచ్చే కాన్సులేటు గానీ, విమానాశ్రయంలో సాధారణంగా ఆరు నెలల గడువు ఇచ్చే అధికారి గానీ బీమా పత్రం కోసం పట్టుబట్టరు. పిల్లల ఉద్యోగ బీమాలో తల్లిదండ్రులను చేర్చే వీలు చాలా కంపెనీల్లో ఉండదు. వృద్ధుల కోసం ప్రభుత్వం నడిపే బీమా అయిన మెడికేర్ సందర్శకులకు వర్తించదు; గ్రీన్ కార్డుతో వచ్చి, ఇక్కడ పని చేసిన చరిత్ర లేనివారైనా 65 ఏళ్లు నిండి, వరుసగా ఐదేళ్లు నివసించిన తరువాతే సొమ్ము చెల్లించి అందులో చేరగలుగుతారు. ప్రాణాపాయంలో వచ్చిన రోగిని డబ్బు సంగతి చూడకుండా పరీక్షించి, పరిస్థితి కుదుటపడేవరకు చికిత్స చేయాలని 1986 నాటి ఫెడరల్ చట్టం ఆసుపత్రులను ఆదేశిస్తున్నది గానీ, ఆ తరువాత ఇంటికి వచ్చే బిల్లును అది ఆపదు. కనుక మిగిలిన దారి సందర్శకుల కోసం విడిగా అమ్మే విజిటర్ ఇన్సూరెన్సే. అరవై దాటి, బీపీ, షుగర్ మందులు వాడుతున్న తల్లిదండ్రులకు ఈ పాలసీలు ఎంతవరకు పనికివస్తాయన్నదే ఈ సమీక్షలో చూసిన విషయం.

ఈ పాలసీలు రెండు రకాలు. విజిటర్స్ కేర్ వంటి ఫిక్స్‌డ్ పాలసీలు డాక్టరు చూసినందుకు ఇంత, ఆసుపత్రి గదికి రోజుకు ఇంత, శస్త్రచికిత్సకు ఇంత అని ముందుగానే ఒక పట్టిక వేసి, బిల్లు ఎంతైనా ఆ పట్టికలో ఉన్నంత మాత్రమే చెల్లిస్తాయి. అట్లాస్ అమెరికా, పేట్రియాట్ అమెరికా ప్లస్, సేఫ్ ట్రావెల్స్ యూఎస్ఏ కాంప్రిహెన్సివ్ వంటి కాంప్రిహెన్సివ్ పాలసీలు డిడక్టిబుల్ (ముందుగా మనమే భరించాల్సిన మొత్తం) పోను, పాలసీ గరిష్ఠ పరిమితికి లోబడి అసలు ఖర్చులో పెద్ద భాగాన్ని భరిస్తాయి. ఫిక్స్‌డ్ పాలసీల ప్రీమియం బాగా తక్కువన్నది నిజమే అయినా, చిన్న జ్వరానికి కొంత తిరిగి వచ్చి, గుండె శస్త్రచికిత్స వంటి పెద్ద బిల్లు పడినప్పుడు భారమంతా కుటుంబం మీదే మిగిలే ఏర్పాటును బీమా అనడానికి నాకు మనస్కరించదు. బడ్జెట్ సరిపోకపోతే, కాంప్రిహెన్సివ్ పాలసీలోనే డిడక్టిబుల్‌ను పెంచుకుని ప్రీమియం తగ్గించుకోవడం మేలు.

అయితే అసలు చిక్కు ఇక్కడ లేదు. కొనేటప్పుడు అందరి దృష్టీ లక్ష డాలర్లా, రెండున్నర లక్షలా అన్న గరిష్ఠ పరిమితి మీద ఉంటుంది. కానీ అరవై దాటినవారి విషయంలో పాలసీ విలువను తేల్చేది 'అక్యూట్ ఆన్‌సెట్' అనే నిబంధన. ముందు నుంచి ఉన్న జబ్బులకు ఈ పాలసీలు మామూలుగా చెల్లించవు. బీపీ మాత్రలు అయిపోయాయని డాక్టరు దగ్గరకు వెళ్లినా, షుగరు పరీక్షలు చేయించుకున్నా ఖర్చు మనదే. ఆ పాత జబ్బే ముందస్తు సూచన లేకుండా హఠాత్తుగా విజృంభించి, వెంటనే, చాలా పాలసీల్లో 24 గంటలలోపు, చికిత్స అవసరమైతేనే అక్యూట్ ఆన్‌సెట్ కింద చెల్లిస్తారు. రెండు రోజుల నుంచి ఛాతీ బరువుగా ఉందని పెద్దాయన ఎమర్జెన్సీ రూములో చెప్పి, నర్సు దానిని నమోదు చేసుకుంటే, 'ముందస్తు సూచన లేకుండా' అన్న షరతు నిలుస్తుందా అన్న వాదానికి తావు ఏర్పడుతుంది. పరిస్థితి కుదుటపడి నిలకడకు వచ్చిన తరువాతి చికిత్స కూడా సాధారణంగా ఈ నిబంధన కిందికి రాదు. వయోపరిమితులు సైతం పాలసీకొక తీరుగా ఉంటాయి: పేట్రియాట్ అమెరికా ప్లస్‌లో ఈ సౌకర్యం 70 లోపు వారికి, అట్లాస్ అమెరికాలో 80 లోపు వారికి వర్తిస్తుంది. 80 నిండినవారికి అట్లాస్‌లో మొత్తం పాలసీ పరిమితే 10,000 డాలర్లకు పడిపోతుంది. అమెరికా ఆసుపత్రి ధరల ముందు ఆ మొత్తం ఎంతో కాలం నిలవదు. ఈ వివరాలు ఎప్పటికప్పుడు మారుతుంటాయి కనుక, కొనే రోజున పాలసీ పత్రంలో ఆ పేరా వెతికి చదవడం తప్పనిసరి. పోల్చి చూపే వెబ్‌సైట్లలోని పట్టికలు దానికి బదులు కావు.

గుంటూరు నుంచి డల్లాస్‌కు వచ్చిన మా అమ్మానాన్నలకు నేను తీసుకున్నది ఒక కాంప్రిహెన్సివ్ పాలసీ. పేరు ఇక్కడ అనవసరం. నాన్నగారికి చెవి ఇన్ఫెక్షన్ వచ్చినప్పుడు నెట్‌వర్క్‌లో ఉన్న (బీమా కంపెనీతో ఒప్పందం ఉన్న) అర్జెంట్ కేర్‌కు, అంటే చిన్న జబ్బులను వెంటనే చూసే క్లినిక్కుకు, తీసుకువెళ్తే, కో-పే (మన వంతు చిన్న మొత్తం) కట్టించుకుని బిల్లును నేరుగా కంపెనీకి పంపారు. ఈ సేవకు పూర్తి మార్కులు వేయవచ్చు. అదే పరిస్థితిలో ఎమర్జెన్సీ రూముకు పరుగెత్తి ఉంటే, ఆసుపత్రిలో చేర్చుకోవలసిన అవసరం లేని జబ్బులకు అదనపు డిడక్టిబుల్ వేసే పాలసీలు ఉన్నాయి గనుక ఖర్చు తీరే వేరుగా ఉండేది.

ఆ తరువాత రాత్రివేళ ఆయనకు కళ్లు తిరిగి పడిపోవడంతో ఎమర్జెన్సీకి వెళ్లక తప్పలేదు. పరీక్షల్లో ప్రమాదమేమీ తేలలేదు గానీ క్లెయిమ్ మాత్రం నెలల తరబడి నడిచింది. క్లెయిమ్ ఫారం, పాస్‌పోర్టు ప్రతి, ఐ-94 (అమెరికాలో ప్రవేశించిన నమోదు పత్రం) పంపిన తరువాత, ఇండియాలో చూసిన డాక్టరు నుంచి గత కొన్నేళ్ల వైద్య రికార్డులు కావాలని ఉత్తరం వచ్చింది. పాత జబ్బు అవునో కాదో తేల్చుకోవడానికి కంపెనీలు ఇలా అడగడం మామూలే. కానీ మన ఊళ్లలో డాక్టరు చీటీ రాసి రోగి చేతికిస్తాడు, అది ఇంట్లో ప్లాస్టిక్ కవరులో ఉంటుంది తప్ప క్లినిక్కులో ప్రతి ఉండదని అమెరికా గుమాస్తాకు ఒప్పించడం అంత సులువు కాదు. చీటీలన్నీ ఫోటోలు తీసి పంపి, మా డాక్టరుగారి లెటర్‌హెడ్‌పై ఒక ధృవపత్రం రాయించాక చివరకు చెల్లించారు. ప్రయాణానికి ముందే ఈ చీటీలను, ల్యాబు రిపోర్టులను స్కాన్ చేసి పెట్టుకోవడం మందుల మూట సర్దుకోవడమంత అవసరం.

ఇండియాలో కొనే ట్రావెల్ పాలసీలు రూపాయల్లో చౌకగా కనిపిస్తాయి. అయితే వాటిని బయలుదేరకముందే తీసుకోవాలి, అరవై దాటినవారికి చాలావాటిలో చికిత్సల వారీగా ఉప పరిమితులు ఉంటాయి, పైగా అమెరికా ఆసుపత్రుల బిల్లింగ్ విభాగాలు వాటి పేర్లను ఎక్కువగా గుర్తుపట్టవు. నాలుగు వారాల పర్యటనకు అవి సరిపోవచ్చు. ఆరు నెలల బసకు నేను వాటిని ఎంచుకోను.

కొనేటప్పుడు ఇద్దరినీ ఒకే పాలసీలో పెట్టకుండా ఎవరిది వారికి విడిగా తీసుకోవడం మంచిది. అనుకున్న తేదీకన్నా ముందే తిరిగి వెళ్లేవారికి మిగిలిన రోజుల ప్రీమియంలో కొంత రుసుము మినహాయించుకుని వాపసు ఇచ్చే కంపెనీలు, ఆ పాలసీ మీద క్లెయిమ్ ఒక్కటి పెట్టి ఉన్నా ఆ వాపసును నిరాకరిస్తాయి. మా అమ్మానాన్నలు సంక్రాంతికి ఇంట్లో ఉండాలని ముందుగానే వెళ్లిపోయినప్పుడు నాన్నగారి పాలసీ మీద పైసా రాలేదు, విడిగా ఉన్నందువల్ల అమ్మ పాలసీ మీద మాత్రం మిగిలిన రోజుల సొమ్ము కార్డుకు తిరిగి జమ అయింది.