గదిలో పరీక్షించాలా, వీధిలో చూడాలా: సాయం చేసే గుణాన్ని కొలవడానికి ఏది మేలు?

రాత్రికి రాత్రి గంగాళం నిండా పాలు పోయమని రాజుగారు చాటింపు వేయిస్తే, అందరూ పాలే పోస్తారు కదా, నా ఒక్కడి చెంబెడు నీళ్లు ఎవరికి తెలుస్తాయని ఊరంతా నీళ్లే పోసిన కథ మనం చిన్నప్పుడే విన్నాం. 1968లో జాన్ డార్లీ, బిబ్ లాటానే అనే అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్తలు ఇంచుమించు ఈ మాటనే ప్రయోగం చేసి చూపించారు. చుట్టూ జనం పెరిగేకొద్దీ సాయం చేసే చేయి వెనక్కి తగ్గుతుందన్నారు. యాభై ఏళ్ల తర్వాత వీధి కెమెరాలను ముందేసుకుని కూర్చున్నవారు మాత్రం జనం ఎక్కువుంటేనే మేలన్నారు. ఎవరి పద్ధతిని నమ్మాలి?

ఈ చర్చకు మూలం ఒక హత్య. 1964 మార్చి 13 తెల్లవారుజామున న్యూయార్క్‌లోని క్వీన్స్‌లో కిట్టీ జెనోవీస్ అనే 28 ఏళ్ల యువతిని ఇంటి దగ్గరే చంపేశారు. 38 మంది చూస్తూ ఊరుకున్నారని న్యూయార్క్ టైమ్స్ రాసింది. అంతమంది చూశారనడానికి ఆధారం లేదని 2007లో పరిశోధకులు తేల్చారు. నిజానికి ఒక పొరుగామె పరుగున వచ్చి, చనిపోతున్న ఆమెను ఒడిలోకి తీసుకుంది. కానీ అప్పటికే 38 అనే అంకె పాఠ్యపుస్తకాల్లో పాతుకుపోయింది. ఒక్క ఘటనతో మనిషి స్వభావాన్ని తేల్చే పద్ధతి గురించి ఇంతకన్నా చెప్పడం అనవసరం.

డార్లీ, లాటానే ఆ దారి పట్టలేదు. ఒక్కొక్క విద్యార్థిని ఒక్కొక్క గదిలో కూర్చోబెట్టి, మిగతావారితో మైకులో మాట్లాడాలన్నారు. వినిపించే గొంతులన్నీ ముందే రికార్డు చేసినవి. కాసేపటికి అందులో ఒక గొంతుకు మూర్ఛ వస్తుంది. అది వింటున్నది తానొక్కడేననుకున్నవారిలో 85 శాతం మంది, ఆ గొంతు ఆగిపోయేలోపే లేచి వెళ్లి పరిశోధకులకు చెప్పారు. ఇంకో నలుగురు వింటున్నారనుకున్నవారిలో అలా వెళ్లినవారు 31 శాతమే. ప్రయోగం గొప్పతనం ఇక్కడే ఉంది. గది అదే, గొంతు అదే, మూర్ఛ అదే. మారింది తలల లెక్క ఒక్కటే. కాబట్టి తేడాకు కారణం అదేనని ధైర్యంగా చెప్పవచ్చు. మిగతా పద్ధతుల్లో ఈ ధైర్యం కరువు.

అయితే ఆ రెండు గుంపుల్లో ఉన్నది 13 మంది చొప్పునే. 31 శాతమంటే నలుగురు. పైగా ఒకరి ముఖం ఒకరికి కనబడదు. ఆపద ఎదురైనప్పుడు మనం ముందు చూసేది పక్కవాడి ముఖమే. దాన్ని తీసేశాక మిగిలేది ఎంతవరకు నిజజీవితమో నాకు అనుమానమే.

1969లో పిలియావిన్ బృందం ప్రయోగాన్ని న్యూయార్క్ భూగర్భ రైల్లోకి తీసుకువెళ్లింది. ఏడున్నర నిమిషాల పాటు ఎక్కడా ఆగని రైలు. ఒక యువకుడు తూలి పడతాడు. కొన్నిసార్లు చేతికర్రతో, కొన్నిసార్లు సారా వాసనతో. చేతికర్ర ఉన్న 65 సార్లలో 62 సార్లు ఎవరూ అడగకుండానే సాయం అందింది. తాగినట్లు నటించిన 38 సార్లలో 19 సార్లు. చుట్టూ ఎంతమంది ఉన్నారన్నది సాయాన్ని తగ్గించలేదు. కంటి ముందే పడిపోయాడు, తప్పించుకుపోవడానికి దారీ లేదు. ఇక్కడొక తమాషా. ఈ నాటకం ఆడే విద్యార్థి బృందాల్లో ఒకటి తాగుబోతు వేషం నచ్చక, పరిశోధకుల మాటను కాదని చేతికర్రనే ఎక్కువసార్లు వాడింది. పరిశోధకుల చేయి దాటిపోయే ఇలాంటివి గదిలో అరుదు, రైల్లో మామూలు. ఇంకో చిక్కు: ఆ ప్రయాణికులెవరూ ప్రయోగానికి ఒప్పుకుని రైలెక్కలేదు.

2019లో రిచర్డ్ ఫిల్పాట్ బృందం నటనను పూర్తిగా వదిలేసింది. ఆమ్‌స్టర్‌డామ్, లాంకాస్టర్, కేప్‌టౌన్ నగరాల కెమెరాల్లో పడిన 219 వీధి తగవులను చూసింది. పదింట తొమ్మిదిసార్లు కనీసం ఒకరైనా కల్పించుకున్నారు. చుట్టూ ఉన్నవారు పెరిగేకొద్దీ ఎవరో ఒకరు అడ్డుపడే అవకాశమూ పెరిగింది.

రెండింటిలో ఒకటి అబద్ధమా? చిన్న లెక్క వేసి చూడండి. ఆ మూర్ఛను నిజంగానే అయిదుగురు విని, వారిలో ఒక్కొక్కరు కదిలే అవకాశం 31 శాతమైతే, కదలకపోయే అవకాశం 69. అయిదుగురూ ఎవరికి వారే నిర్ణయించుకుంటారనుకుంటే, అందరూ కూర్చుండిపోయే అవకాశం సుమారు 16 శాతం. అంటే ఆపదలో ఉన్నవాడికి సాయం అందే అవకాశం 84 శాతం, ఒంటరి మనిషి అందించే 85కి ఇంచుమించు సమానం. ప్రయోగశాల అడిగింది ‘ఈ మనిషి కదులుతాడా’ అని. కెమెరా అడిగింది ‘పడినవాడికి చేయి అందుతుందా’ అని. వేర్వేరు ప్రశ్నలకు వచ్చిన జవాబులను ఢీకొట్టించి ఇన్నేళ్లు వాదించుకున్నాం.

ప్రశ్నాపత్రాల పద్ధతి గురించి ఒక్క మాట. ‘మీరు సాయం చేస్తారా’ అని అడిగితే లేదనేవారెవరు?

ఒక్కటే ఎంచుకోమంటే నా ఓటు కెమెరాకే. పడినవాడి వైపు నుంచి లెక్క కట్టేది అదొక్కటే. కాకపోతే అది మనసులోకి చూడలేదు. మన దేశంలో 2019 సవరణతో మోటారు వాహనాల చట్టంలో 134ఎ సెక్షన్ చేరి, ప్రమాదంలో సాయపడినవారికి రక్షణ కల్పించింది. బండి ఆపకుండా వెళ్లిపోయినవాడు ఎందుకు వెళ్లాడో, ఆ సెక్షన్ సంగతి తెలియకా, తెలిసీ నమ్మకం లేకా, ఎవరో ఒకరు చూసుకుంటారులే అనా, ఏ కూడలి కెమెరాలోనూ పడదు. అది తేల్చాలంటే మళ్లీ ఆ గదికే వెళ్లాలి. ఈసారి 13 మందితో మాత్రం కాదు.